అమ్మమ్మ నాను తాడు కరిగించి అల్లిక కడియం చేయించుకోనా? సలహా కావాలి

సీతాఫల్‌మండి:
అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా అమ్మమ్మ నాను తాడు (మెడలో వేసుకునే, తాడులాంటి పాతకాలం బంగారు గొలుసు) ఈమధ్య నా చేతికి వచ్చింది. తూకం 31 గ్రాముల చిల్లర. రెండు చోట్ల తీగ తెగి బయటికి పొడుచుకొచ్చింది, వేసుకుంటే కొంగు జరీ పట్టుకుని లాగేస్తోంది, కొక్కెం దగ్గర బూడిద రంగులో ఏదో పాత అతుకు ఉంది. వేసుకునే వీల్లేక ఎనిమిదేళ్ళుగా అమ్మ బీరువాలోనే పడి ఉంది.

పోయిన నెల బంజారాహిల్స్‌లో ఒక చిన్న ప్రదర్శనకి వెళ్తే, అక్కడ ఒకావిడ బంగారు తీగని చేత్తో అల్లి చేసిన కడియాలు పెట్టారు. ఆవిడకి షోరూం లేదు, ఇంట్లోనే ఒక గదిలో ఒక్కరే కూర్చుని చేస్తారట. ఒక కడియం నా చేతికి పెట్టారు. ఎలా చెప్పాలో తెలీట్లేదు, అచ్చం నేసిన బట్టలా ఉంది, వంచితే వంగుతోంది, వదిలేస్తే మళ్ళీ తన ఆకారానికి వస్తోంది, ఎక్కడా అతుకు కనపడదు. ఇంటికి వచ్చాక కూడా అదే కళ్ళ ముందు తిరుగుతోంది.

25 గ్రాముల కడియానికి మజూరీ 60,000 అన్నారు, బంగారం మనదే. పాత బంగారం తెస్తే శుద్ధి చేయించి తీగ తీసి అల్లుతాను, కానీ కరిగించే ముందు ఆ వస్తువు ఒకసారి నాకు చూపించండి అన్నారు. అమ్మేమో కరిగించడం అనే మాట వినగానే అన్నం మానేసినంత పని చేసింది. మా ఆయన నీ ఇష్టం అంటున్నారు. కరిగించడం తప్పా? మజూరీ అంత ఉంటుందా? అల్లినది తెగిపోదా? నాలుగు రోజులుగా ఒకటే టెన్షన్.

తులంలెక్క:
నమస్తే అండి. నేను లెక్క మాత్రమే చెప్తాను, మిగతావి మీ మనసుకి సంబంధించినవి.

ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. రేపు అవసరం వచ్చి అమ్మాలంటే ఆ కడియానికి వచ్చేది అందులో ఉన్న బంగారం తూకానికే, అల్లికకి ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వరు. ఆ 60,000 మీరు ఖర్చు పెట్టేసినట్టే. పెట్టుబడి అనుకుంటే మాత్రం వద్దు, బంగారు బిస్కెట్ కొనుక్కోండి.

అలాగని ఆవిడ ఎక్కువ అడిగారనీ అనను. పెద్ద షోరూంలో పనితనం ఉన్న కడియానికి 18 శాతం తరుగు వేయడం మామూలే. నిన్నటి రేటుకి 25 గ్రాముల మీద 18 శాతం వేసి చూశాను, యాభై వేలు దాటింది. అది మెషిన్ మీద వందల్లో దిగే డిజైన్. ఈవిడ ఒక్కటే చేస్తారు, 60,000 అని ముందే చెప్పారు. శాతాల్లో చెప్తే బంగారం పెరిగిన ప్రతిసారీ మజూరీ కూడా పెరుగుతుంది, పని మాత్రం అంతే ఉంటుంది. ఆవిడ పద్ధతే నాకు నిజాయితీగా అనిపించింది.

నిర్ణయం ఏదైనా పాత వస్తువు ఇచ్చేటప్పుడు మీ ఎదురుగా తూకం వేయించి, ఫొటో తీసుకుని, కాగితం మీద రాయించుకోండి.

పెద్దక్క వనస్థలిపురం:
అమ్మాయీ, తొందరపడకు. నా అనుభవం చెప్తాను, విను.

నాకు పెళ్ళిలో పెట్టిన అల్లిక గొలుసు ఒకటి ఉండేది, వేలి మీద వేస్తే నీళ్ళలా జారిపోయేది. ఒక చోట తెగితే మా కాలనీ దగ్గర ఒక షాపులో ఇచ్చాను, పేరెందుకులే. గంటలో అతికి ఇస్తాం అన్నారు, ఇచ్చారు కూడా. ఇంటికొచ్చి చూస్తే అతికిన చోట రెండంగుళాలు పుల్లలా బిగుసుకుపోయింది, వంగదు. మెడలో వేసుకుంటే అక్కడ మాత్రం ఎముక విరిగినట్టు నిలబడుతుంది. వెళ్ళి అడిగితే అల్లికకి అంతేనమ్మా అన్నారు. అప్పుడు నాకు తెలియక ఊరుకున్నా, తర్వాత కోపం వచ్చి మార్చేశాను, ఇప్పుడు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఆ గొలుసులాంటిది మళ్ళీ ఎక్కడా కనపడలేదు.

అందుకే నీ నాను తాడుని గంటలో అతికిస్తాం అనేవాళ్ళ చేతికి మాత్రం ఇవ్వకు. మీ అమ్మ బాధ కూడా నాకు అర్థమవుతోంది.

కమ్మచ్చు:
పెద్దక్కా, మీ గొలుసుకి ఏం జరిగిందో నేను చెప్తాను. మాది కంసాలి ఇల్లు, నాన్న గుల్జార్ హౌజ్ వెనక సందులో నలభై ఏళ్ళు పని చేశారు, నేను వేరే ఉద్యోగంలోకి వచ్చేశాను కానీ చిన్నప్పుడు కుంపటి ఊదింది నేనే.

టాంకా (అతకడానికి కరిగించి వేసే లోహం) కరిగితే నీళ్ళలాగే సందు ఎక్కడుంటే అక్కడికి పాకుతుంది. వత్తిలోకి నూనె ఎక్కినట్టు. అల్లికలో అన్నీ సందులే కదా, ఒక చుక్క ఎక్కువ పడితే చాలు, చుట్టుపక్కల పది కొలికీలలోకి, అంటే అల్లికలోని చిన్న ఉంగరాల్లోకి, వెళ్ళి గడ్డకట్టేస్తుంది. ఇక ఆ కొలికీలు కదలవు. ఆ పని తెలిసినవాళ్ళు తెగిన కొలికిని తీసేసి కొత్త కొలికి వేస్తారు, టాంకా ఆవగింజంత పెట్టి, పక్కన కొలికీలకి పాకకుండా మట్టి పూసి మరీ మంట చూపిస్తారు. దానికి ఒక పూట పడుతుంది. గంటలో అయ్యే పని కాదు.

ఇక సీతాఫల్‌మండి గారూ, మీ తాడు ఫొటో దగ్గరగా తీసి పెట్టగలరా? రెండు రకాలుగా ఉంటుంది అది, చూస్తే తెలుస్తుంది.

సీతాఫల్‌మండి:
పెట్టాను అన్నా. ఫోన్ కెమెరాకి అమ్మ భూతద్దం అడ్డం పెట్టి తీశాను. మూడోది కొక్కెం దగ్గర.

కమ్మచ్చు:
చూశాను. నాలుగుసార్లు చూశాను. అమ్మా, దయచేసి దీన్ని కరిగించకండి.

ఇది కొలికిలో కొలికి వేసిన పని. సన్నటి తీగని కడ్డీ చుట్టూ చుట్టి, కోసి, చిన్న చిన్న ఉంగరాలు చేస్తారు. ఒక్కొక్క ఉంగరం మూతిని మంటతో కలుపుతారు, మేలిమి బంగారమైతే టాంకా కూడా అక్కర్లేదు, తనంతట తనే కలిసిపోతుంది. ఆ ఉంగరాన్ని నొక్కి పొడుగ్గా చేసి, మధ్యకి మడిచి, ముందు ఉంగరం రెండు చెవుల్లోంచి దూర్చి, మళ్ళీ దీని చెవులు తెరిచి దాంట్లోంచి ఇంకోటి. మీ దాంట్లో ఒక్కో కొలికి ముందున్న ఒకదాంట్లోంచి కాదు, రెండింట్లోంచి వెళ్తోంది, అందుకే సందు లేకుండా పాము పొట్టలా ఉంది. మొత్తం అయ్యాక చెక్కకి వేసిన బెజ్జాల్లోంచి ఒక్కో సైజు తగ్గిస్తూ లాగితే అలా గుండ్రంగా సమానంగా వస్తుంది. మీ తాడులో ఎన్ని వందల కొలికీలు ఉంటాయో, ప్రతిదానికీ ఒకరు విడిగా మంట చూపించారు. బొగ్గుల కుంపటి మీద, ఊదుగొట్టంతో.

మీరు ప్రదర్శనలో చూసి మనసు పారేసుకున్నది అల్లిక పనే. అదే మీ ఇంట్లో బీరువాలో ఉంది.

కానీ మూడో ఫొటోలో ఆ బూడిద రంగు అతుకు నాకు నచ్చలేదు. అది సీసం కలిసిన టాంకాలా ఉంది, పాత్రలకీ రేకు సామాన్లకీ వాడేది. సీసం ఉన్న బంగారాన్ని మంట మీద పెడితే సీసం బంగారాన్ని తినేస్తుంది, గుంటలు పడి పెళుసుగా విరిగిపోతుంది. కాబట్టి ఎవరికి ఇచ్చినా ముందు ఈ మాట చెప్పండి. దాన్ని పూర్తిగా తీయకుండా మంట దగ్గరికి తీసుకెళ్ళకూడదు.

బెల్‌వ్యూ తెలుగు:
మంచి చర్చ. నేను హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో ఉంటున్నాను. 2012లో మా ఊరి ఆర్ట్ మ్యూజియంలో మేరీ లీ హు అనే ఆవిడ నగల ప్రదర్శన పెట్టారు. ఆఫీసు దారిలోనే కదా అని వెళ్ళి మూడుసార్లు చూశాను.

ఆవిడ 1943లో పుట్టారు, ఇక్కడి యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో 1980 నుంచి పాతికేళ్ళకి పైగా ఈ లోహపు పనే నేర్పించారు. 18, 22 క్యారెట్ల బంగారు తీగని బుట్టలల్లే పద్ధతిలో అల్లుతారు. మెడ చుట్టూ పట్టెడలాంటివి, కడియాలు, చెవులవి. వాటికి పేర్లు కూడా ఉండవు, పట్టెడ అని రాసి పక్కన ఒక నంబరు, అంతే. స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్ళ దగ్గర కూడా ఆవిడ పని ఉంది. ఒక పట్టెడ చూస్తుంటే నాకు కొబ్బరాకుల పందిరి గుర్తొచ్చింది, ఇంకోటి విచ్చుకుంటున్న మొగలి రేకులా ఉంది. తీగ ఒక దిక్కుకి వాలుతూ వాలుతూ వెళ్ళి మడత పడి వెనక్కి తిరుగుతుంది, కాంతి పడితే ఒక పక్క మెరుపు, ఇంకో పక్క నీడ. అంతా తీగే, రాయి లేదు, రంగు లేదు.

అక్కడ నిలబడి అనుకున్నాను, ఇది మేదరి వాళ్ళ అల్లిక కదా అని. మా నాయనమ్మ ఇంట్లో ధాన్యం తట్ట అంచు అచ్చం ఇలాగే ఉండేది.

పడుగుపేక:
బెల్‌వ్యూ గారు సరిగ్గా పట్టుకున్నారు, అది తట్ట అంచు అల్లికే. నేను నాలుగేళ్ళుగా రాగి, వెండి తీగతో ఇదే పని నేర్చుకుంటున్నాను, కొంచెం వివరంగా రాస్తాను.

మామూలు నేతలో నిలువుగా ఉండే పడుగు పోగుల మధ్య అడ్డంగా పేక ఒకటే పైకీ కిందకీ వెళ్తుంది. ఈ అల్లికలో పేకలు రెండు. ఒకటి పడుగు తీగకి ముందు నుంచి, ఒకటి వెనక నుంచి వచ్చి, పడుగు దాటగానే ఒకదాన్నొకటి మెలేసుకుంటాయి, మళ్ళీ తర్వాతి పడుగు. జడలో పాయలు మారినట్టు ప్రతి అడుగుకీ చోటు మార్చుకుంటాయి. అందుకే పడుగు ఎటూ జరగదు, టాంకా లేకుండానే నిలబడుతుంది. మెలి కుడికి వేస్తే ఒక వాలు, ఎడమకి వేస్తే ఇంకో వాలు, వరసకోసారి మారిస్తే జొన్న కంకిలా వస్తుంది.

తీగకీ దారానికీ తేడా ఒకటే, కానీ అది చాలా పెద్దది. దారం తప్పు వస్తే విప్పి మళ్ళీ నేయొచ్చు. తీగ వంచిన ప్రతిసారీ ఆ చోట గట్టిపడుతుంది. విప్పి సాపు చేసి మళ్ళీ వంచితే పుటుక్కున తెగుతుంది. అంటే నలభయ్యో వరసలో చెయ్యి కొంచెం ఎక్కువ బిగించారనుకోండి, అరవయ్యో వరసకి మొత్తం పక్కకి వాలిపోతుంది, అప్పుడు కత్తిరించి పారేయడమే. పొద్దున బిగువు, సాయంత్రం అలిసిపోయాక బిగువు ఒకేలా ఉండాలి. నాకు ఇంకా రాలేదు, నా రాగి పట్టీలు చూస్తే నేను ఎప్పుడు టీ తాగడానికి లేచానో చెప్పేయొచ్చు.

మజూరీ గురించి అడిగారు కదా, తూకం వేసి చూద్దాం. 22 క్యారెట్ల బంగారం 0.3 మిల్లీమీటర్ల తీగ తీస్తే మీటరుకి సుమారు ఒకటింబావు గ్రాము. పడుగుకి 0.6 మిల్లీమీటర్లు తీసుకుంటే మీటరుకి 5 గ్రాములు. 16 సెంటీమీటర్ల పొడవు, 12 పడుగు తీగలు అంటే దాదాపు 2 మీటర్లు, 10 గ్రాములు అయిపోయింది. మిగతా 15 గ్రాములు పేకకి, అంటే 12 మీటర్ల తీగ. అంతా కలిపి 250 పైన వరసలు వస్తాయి. నేనైతే గంటకి ఆరేడు వరసల కంటే చేయలేను, ఆవిడ చెయ్యి తిరిగినవారు కాబట్టి కొంచెం ఎక్కువ అనుకుందాం. ఏదైనా ముప్పై నలభై గంటలు అల్లడానికే. తీగ తీయడం, చివర్లు మూయడం, కొక్కెం విడిగా. చెయ్యి రెండు గంటల కంటే ఎక్కువసేపు ఆపకుండా పట్టదు, వేళ్ళు మొద్దుబారతాయి. ఇప్పుడు ఆ 60,000ని రోజులతో భాగించి చూడండి.

తులంలెక్క:
ఈ లెక్క బాగుంది, నేను ఇంతవరకు తూకం వైపు నుంచే చూశాను, గంటల వైపు నుంచి చూడలేదు. ఒప్పుకుంటున్నాను.

హాల్‌మార్క్ సంగతి కూడా ఇక్కడే రాసేస్తాను, ఇంట్లో చేసే ఆర్టిస్టుల దగ్గర కొనేవాళ్ళందరికీ పనికొస్తుంది. 2021 జూన్ నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి చేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు లేకుండా షాపులు అమ్మకూడదు. కానీ ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారం చేసేవాళ్ళకి మినహాయింపు ఇచ్చారు. కాబట్టి చిన్న ఆర్టిస్టు దగ్గర ముద్ర లేకపోతే మోసం అనుకోనక్కర్లేదు. అయినా మీరు అడగండి, వేయించి ఇస్తారేమో. అల్లిక మీద ముద్ర వేయడానికి చోటుండదు, కొక్కెం పలక మీద లేజర్‌తో వేస్తారు. ఫోన్‌లో బీఐఎస్ (హాల్‌మార్క్ వ్యవహారం చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరు వేయించారో, ఎన్ని క్యారెట్లో వస్తుంది.

పాత తాడు ఎంత శుద్ధమో తెలియాలంటే బీఐఎస్ గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ సెంటర్‌కి మనలాంటి మామూలు వాళ్ళు కూడా తీసుకెళ్ళి పరీక్ష చేయించుకోవచ్చు. షాపులో ఊరికే గీటురాయి మీద గీసి చెప్పే మాట మీద ఆధారపడకండి.

నవారు:
ఒక డౌటు. ఇదీ కరీంనగర్ ఫిలిగ్రీ ఒకటేనా? మా మేనత్త దగ్గర వెండి కుంకుమ భరిణె ఉంది, అది కూడా సన్నటి తీగ పనే.

పడుగుపేక:
కాదు తమ్ముడూ. కరీంనగర్ పనిలో ముందు మందపాటి తీగతో చట్రం కడతారు, మెలిపెట్టిన సన్న వెండి తీగని సుడులు సుడులుగా వంచి ఆ చట్రంలో కూరుస్తారు, తర్వాత టాంకా పొడి చల్లి మంట చూపిస్తే అన్నీ కలిసి అతుక్కుంటాయి. దానికి 2007లో జీఐ (ఇది ఫలానా ఊరి ప్రత్యేకత అని చెప్పే) గుర్తింపు కూడా వచ్చింది. అల్లికలో తీగని తీగే పట్టుకుంటుంది. అది గట్టిగా నిలబడే పని, ఇది ఒంటి మీద వంగే పని. రెండూ కష్టమైనవే.

కమ్మచ్చు:
ఇంకో మాట చెప్పాలనిపిస్తోంది. ఇలా తీగ అల్లి చేసిన గొలుసులకి బయటి దేశాల్లో మన పక్క రాష్ట్రం ఊరి పేరే పెట్టారు, ట్రిచినోపలీ అని. తిరుచిరాపల్లి గొలుసులు ఇంగ్లీషు వాళ్ళ కాలంలో అంత పేరు పడ్డాయి, తర్వాత స్కాట్లాండ్‌లో వైకింగుల కాలం నాటి వెండి అల్లిక గొలుసులు బయటపడితే వాటిని కూడా అదే పేరుతో పిలిచారు. కొలికిలో కొలికి వేసే పద్ధతి ఇంకా పాతది, ఇరాక్‌లో ఊర్ అనే పురాతన నగరపు రాజుల సమాధుల్లో దొరికిన బంగారు గొలుసుల్లో ఉంది, నాలుగున్నర వేల ఏళ్ళ కిందటివి. నాన్నకి ఇవేవీ తెలియవు. ఆయనకి వాళ్ళ నాన్న చూపించారు, అంతే.

సీతాఫల్‌మండి:
రాత్రి ఈ పోస్టులన్నీ అమ్మకి చదివి వినిపించాను. కమ్మచ్చు అన్న రాసినది విన్నాక అమ్మ తాడు తీసి చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. అమ్మమ్మ దీన్ని ఒకసారి కుదువ పెట్టి విడిపించిందట, మా పెద్దమామయ్య కాలేజీ ఫీజుకి. విడిపించి తెచ్చినప్పుడు కొక్కెం విరిగి ఉందట, ఊళ్ళో పాత్రలకి మాట్లు వేసే అతని చేత అతికించిందట. ఆ బూడిద రంగు అతుకు అదన్నమాట. ఇన్నేళ్ళలో అమ్మ ఈ సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు.

కరిగించను. అది తేలిపోయింది. రేపు ఆ ఆర్టిస్టు దగ్గరికి తీసుకెళ్తున్నాను, బాగు చేయడం వీలవుతుందేమో అడుగుతాను.

పెద్దక్క వనస్థలిపురం:
మంచి పని చేశావు తల్లీ. చూపించే ముందు నువ్వు గట్టిగా ఏమీ రుద్దకు. ఏళ్ళ తరబడి పసుపూ గంధం నూనే అన్నీ ఆ సందుల్లోకి వెళ్ళి ఉంటాయి. గోరువెచ్చటి నీళ్ళలో రెండు చుక్కల సబ్బు వేసి అరగంట నానబెట్టి మెత్తటి బ్రష్‌తో మెల్లగా, అంతే. టూత్‌పేస్టు పెట్టి తోమేవాళ్ళు ఉంటారు, అది గీతలు పెడుతుంది, వద్దు.

సీతాఫల్‌మండి:
వెళ్ళొచ్చాను. ఫోన్‌లో టైపు చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

ఆవిడ తాడుని తెల్లగుడ్డ మీద పరిచి, కంటికి అద్దం పెట్టుకుని, ఒక చివర నుంచి రెండో చివర దాకా అంగుళం అంగుళం చూశారు. ముప్పావుగంట ఒక్క మాట లేదు. తర్వాత ఇది నేను కరిగించను, వేరే వాళ్ళ చేతా కరిగించనివ్వను అన్నారు. కమ్మచ్చు అన్న చెప్పినట్టే అది సీసమేనట.

ఆవిడ చెప్పింది ఇదీ. తెగిన రెండు చోట్లా తొమ్మిది కొలికీలు మార్చాలి, అది చేస్తారు. కొక్కెం వైపు రెండు చివరలా కలిపి దాదాపు 4 గ్రాములు సీసం తగిలి పాడైంది, అది కోసేయక తప్పదు. కోస్తే తాడు పొట్టిదైపోతుంది, నా మెడకి చాలదు. ఆ ఖాళీలో రెండంగుళాలు కొత్తగా ఆవిడ పద్ధతిలో, పడుగూ పేకగా అల్లి కలుపుతారట. కోసిన ముక్కనే రిఫైనరీలో శుద్ధి చేయించి, 22 క్యారెట్లకి కలిపి, ఆ బంగారంతోనే.

ఇక్కడే మాకు గొడవ వచ్చింది. పాతదానిలాగే కొలికీలతో అల్లి కలపొచ్చు కదా, తేడా తెలీకుండా ఉంటుంది అని అమ్మ. పాతదానిలా చేసి పాతదని అనిపించడం నాకిష్టం ఉండదమ్మా, ఇది ఎక్కడ బాగుపడిందో ఎవరు చూసినా తెలియాలి అని ఆవిడ. ఇద్దరూ గొంతు పెంచలేదు కానీ ఇద్దరూ తగ్గలేదు. మీరేమంటారు?

పెద్దక్క వనస్థలిపురం:
నేను మీ అమ్మ వైపే. మెడ వెనక ఉండేది ఎవరికి తెలియాలి? తాడు తాడులా ఉండాలి.

బెల్‌వ్యూ తెలుగు:
నేను ఆర్టిస్టు వైపు. పాత కొలికీలని అనుకరిస్తే ఆ మనిషి పనికి ఇంకొకరు సంతకం పెట్టినట్టు ఉంటుంది. మాట్లు వేసినతని అతుకు కూడా ఆ తాడు కథలో భాగమే కదా, దాని చోటులో వచ్చే పని కూడా తనదిగా కనపడితేనే బాగుంటుంది.

కమ్మచ్చు:
నాన్న ఉంటే ఏమనేవారో ఆలోచించాను. ఎవరి చెయ్యి వాళ్ళకి వస్తుంది, ఇంకొకరి చెయ్యి పట్టుకురావద్దు అనేవారు. బిగువు తేడా వస్తుంది, పాత కొలికీల పక్కన కొత్త కొలికీలు ఎంత జాగ్రత్తగా వేసినా మొరటుగా కనపడతాయి. వేరే అల్లికైతే ఆ పోలిక రాదు. కాబట్టి పని వైపు నుంచి చూసినా ఆవిడ చెప్పిందే మేలు. అమ్మగారికి నా నమస్కారం చెప్పి ఈ మాట చెప్పండి.

ఇంకో విషయం. నాన్న కమ్మచ్చు నా దగ్గరే ఉంది. ఉక్కు పలక, ఐదు వరసల బెజ్జాలు, చివరి బెజ్జం వెంట్రుక మందం. ఆరేళ్ళుగా నూనె రాసి గుడ్డ చుట్టి పెడుతున్నాను. ఆవిడకి అభ్యంతరం లేకపోతే ఆ తీగ దాంట్లోంచి తీద్దాం. నేను తీసుకొస్తాను.

నవారు:
అన్నా నేను కూడా రావచ్చా? చూడటానికే. మా తాత నవారు మంచాలు అల్లేవారు, నాకు ఈ పని నేర్చుకోవాలని ఉంది. దేనితో మొదలుపెట్టాలి?

పడుగుపేక:
రాగితో మొదలుపెట్టు. కోఠి ట్రూప్ బజార్‌లో మోటారు వైండింగ్ తీగ కిలో లెక్కన దొరుకుతుంది, 0.4 మిల్లీమీటర్లది తీసుకో. దాని మీద వార్నిష్ పూత ఉంటుంది, కాబట్టి మంట పెట్టకు, పొగ మంచిది కాదు, అల్లిక చెయ్యి తిరగడానికి మాత్రమే. పడుగుకి కొంచెం మందం తీగ, ఆరు చాలు. చెక్కముక్కకి మేకులు కొట్టి పడుగు కట్టుకుంటే సులువు. మొదటి పది పట్టీలు ఎవరికీ చూపించక్కర్లేదు, కానీ పారేయకు, తేదీ రాసి పెట్టుకో.

సీతాఫల్‌మండి:
ఆవిడ సంతోషంగా ఒప్పుకున్నారు. అమ్మ కూడా, కమ్మచ్చు అన్న మాట చెప్పాక, సరే కానివ్వండి అంది. ఆదివారం.

సీతాఫల్‌మండి:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

శుద్ధి అయ్యి, 22 క్యారెట్లకి కలిపాక మా చేతికి వచ్చింది 3.1 గ్రాములు. ఆ ఆదివారం ఆవిడ గదిలో అయిదుగురం. చిన్న కడ్డీని సుత్తితో సాగదీసి, ఒక కొస ఆకురాయితో సన్నం చేసి, కమ్మచ్చులో దూర్చి, అవతల వైపు పటకారుతో పట్టుకుని లాగడం. ప్రతి రెండు మూడు బెజ్జాలకీ ఒకసారి తీగని కాల్చి మెత్తబరిచారు, లేకపోతే తెగుతుందట. మొదటి నాలుగు బెజ్జాలూ అన్నే లాగారు, తర్వాత ఆవిడకి ఇచ్చేసి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. రెండున్నర మీటర్లు వచ్చింది. అంత పొడవు తీగ నా అరచేతిలో పెడితే బరువే తెలియలేదు.

నిన్న తాడు చేతికి వచ్చింది. కొలికీలు మార్చిన చోటు నేను వెతికినా దొరకలేదు, వేలి మీద వేస్తే మొత్తం ఒకేలా జారుతోంది. వెనక రెండంగుళాలు మాత్రం వేరే పని, జొన్న కంకి వాలు, చివర చిన్న పలక మీద ఆవిడ గుర్తు. అమ్మ దాన్ని తన మెడలో వేసుకుని, అద్దం ముందు నిలబడి, ముందు భాగం చూసుకోకుండా తాడుని మెల్లగా తిప్పి ఆ కొత్త ముక్కని ముందుకి తెచ్చుకుంది. రెండు మూడుసార్లు అలాగే తిప్పింది.

తులంలెక్క:
చాలా సంతోషం అండి. మొత్తం ఎంతయిందో రాస్తే మిగతావాళ్ళకి ఉపయోగం.

సీతాఫల్‌మండి:
మజూరీ 14,000, రిఫైనరీ ఖర్చు విడిగా కొద్దిగా. తూకం ఇప్పుడు 30 గ్రాముల చిల్లర, కాగితం మీద రాసిచ్చారు. కడియం వచ్చే ఏడాది చూస్తాను. అన్నట్టు నవారు తమ్ముడు ఆవిడ దగ్గరికి శనివారాలు వెళ్తున్నాడు, రాగితో ఏడో పట్టీలో ఉన్నాడట.